దక్షిణపు గోడ మీది టీవీ

టీవీని ఏ గోడకు తగిలించాలో మా సర్వే శిక్షణలో ఎవరూ నేర్పలేదు. నేర్పి ఉంటే నా ఉద్యోగంలో ఒక రోజు పరువుగా గడిచిపోయేది, ఇవాళ మీకు చెప్పుకోవడానికి ఏమీ మిగిలేది కాదు. ఈమధ్య కొత్తగా సర్వేయర్లుగా చేరిన పిల్లలు ముగ్గురు మా ఇంటికి వచ్చి, "మీకు బాగా గుర్తుండిపోయిన కేసు ఒకటి చెప్పండి సార్" అన్నారు. కోర్టుల దాకా పోయిన గట్టు తగాదా ఏదో చెబుతాననుకున్నారు పాపం. నాకు మాత్రం ఒక కంప్యూటరు, ఒక మానిటరు, ఒక టీవీ, ఒక అవ్వ గుర్తుకొచ్చారు.

నేను గొలుసు కాలపు సర్వేయర్ని. ఇనప గొలుసు లాక్కుంటూ ఉదయగిరి కొండ కింది చేలన్నీ తిరిగినవాణ్ని. నాకు పని నేర్పిన పెద్దాయనకు ఒక పద్ధతి ఉండేది. రైతుకు పటం చేతిలో పట్టుకుని చూపించనిచ్చేవారు కాదు. నేల మీద పరిచి, దాని పైఅంచు ఉత్తరానికి వచ్చేదాకా తిప్పి, నాలుగు మూలలా నాలుగు రాళ్లు పెట్టాలి. "కాగితంలో తూర్పూ నేలమీద తూర్పూ ఒక పక్కకే చూడాల. అది కుదిరినాకనే నోరు తెరువు" అనేవారు. ఒకసారి రాళ్లు పెట్టకుండా మాట్లాడానని పటం లాక్కుని తన సంచిలో పెట్టేసుకున్నారు. ఆ భయంతో ముప్పై ఏళ్లు తప్పకుండా రాళ్లు పెట్టాను.

ఇక కొద్ది నెలల్లో రిటైరవుతాననగా రీసర్వే వచ్చింది. డ్రోను పైనుంచి ఫోటోలు తీసింది, పటాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కాయి. ఊరూరా రైతుల్ని పిలిచి, ఎవరి చేను వాళ్లకు చూపించి, సరే అంటే వేలిముద్ర తీసుకోవాలి. వేలిముద్ర పడితే ఆ చేని రికార్డు మూసుకుపోతుంది. మళ్లీ తెరవాలంటే ఆత్మకూరులో ఉండే మా పై అధికారే తెరవాలి. అదీ ఆ ఊరి దస్త్రం పైకి పోయేలోపే.

మొదటి ఊళ్లో జనమంతా నా వీపు మీద పడి మానిటరు చూశారు. ఒకాయన తుండుగుడ్డ జారి కీబోర్డు మీద పడితే, మేము చూస్తున్న పటం దానంతటదే పక్క ఊరికి వెళ్లిపోయింది. ఇట్లా లాభం లేదు, మానిటరు నాకు, టీవీ జనానికి పెడదాం అన్నాను. ఆలోచన నాదే. ఈ ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి.

రెండో ఊరు ఉదయగిరికి దగ్గర్లోనే. అక్కడి సచివాలయంలో టీవీ లేదు, చర్చిలో ఉంది. ఆదివారాల్లో పాటలు తెర మీద చూపించి పాడించడానికి కొనుక్కున్నారు. పాస్టరు గారు శనివారం సాయంత్రానికి తిరిగి రావాలని చెప్పి, దాన్ని ఆటోలో పరుపు మీద పడుకోబెట్టి పంపించారు. రిమోటు పంపడం మరిచిపోయారు.

నాతో పనిచేసే ఆపరేటరు అమ్మాయిది ఆత్మకూరు. రోజూ బస్సులో వచ్చేది. ఏడాది సర్వీసు కూడా లేదు గానీ, కంప్యూటరు దగ్గర నాకంటే పెద్ద అధికారి. ఆ పిల్ల కంప్యూటరు వెనక్కి వంగి చూసి, "రెండు పోర్టులుండాయి సార్. దీనికి మానిటరు, దానికి టీవీ. రెండూ ఒకేసారి పనిచేస్తాయి" అంది. తీగలు పెట్టింది. టీవీ మీద "సిగ్నల్ లేదు" అని వచ్చింది. తీగ పీకి మళ్లీ పెట్టింది. మళ్లీ అదే మాట. అప్పటికే వచ్చి కూర్చున్న రైతులు తలా ఒక సలహా ఇచ్చారు. ఒకాయన టీవీ నెత్తిన ఒకటి కొట్టమన్నాడు. చివరికి ఆ అమ్మాయి టీవీ అడుగున చెయ్యిపెట్టి తడిమి, చిన్న బొత్తాం ఒకటి పట్టుకుని నొక్కింది. ఊరు ఊరంతా టీవీలోకి వచ్చింది. జనం చప్పట్లు కొట్టారు. నేను కొట్టించుకున్నాను.

గోడ సంగతి చెప్పాలి. స్విచ్చుబోర్డు దక్షిణపు గోడకు ఉంది, టీవీ తీగ బారెడు కూడా లేదు. అందుకని టీవీని దక్షిణపు గోడకే తగిలించమన్నాను. దాని కింద నా కుర్చీ, ముందు బల్ల, బల్ల మీద నా వైపుకు తిరిగి మానిటరు. నేను గోడకు వీపు పెట్టి జనం వంక చూస్తూ కూర్చున్నాను. జనం నా వంకా, నా నెత్తిమీది టీవీ వంకా చూస్తూ కూర్చున్నారు. దర్బారులాగా ఉందని మురిసిపోయాను.

మొదటి రైతు లేచాడు. "సారూ, వాగు మా చేనికి తూరుపున గదా పారేది. పడమటికి ఎందుకు తోలినారు?"

మానిటరు చూశాను. వాగు శుభ్రంగా తూర్పునే ఉంది. "తూర్పునే ఉంది కదయ్యా."

"యాడుండాది తూరుపున? కళ్లు కనపడతా ఉండాయా సారూ నీకు?"

రెండో ఆయన చేనికి బాట ఉత్తరాన ఉండాలట, దక్షిణాన ఉందట. మూడో ఆయన తమ్ముడి చేను తనకొచ్చి, తన చేను తమ్ముడికి పోయిందన్నాడు. తమ్ముడు లేచి, అదేం కాదు, అన్న చేను తనకెందుకని గొడవపెట్టుకున్నాడు. నేను మానిటరు చూసి అంతా సరిగానే ఉందంటాను, వాళ్లు టీవీ చూసి అంతా తప్పంటారు. తల ప్రాణం తోకకొచ్చింది. "డ్రోను గుండ్రంగా తిరిగి తిరిగి, దానికి దిక్కులు తెలీకుండా పొయ్యుంటాయి" అని ఎవరో వెనకనుంచి తీర్పు చెప్పారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. పటం చదవడం చేతకాని మనుషులకు చర్చి టీవీ తెప్పించి మరీ ఎందుకు పెట్టానా అనుకున్నాను. అనుకున్నమాట దాచడం దేనికి, అట్లాగే అనుకున్నాను.

మధ్యాహ్నం ఆపరేటరు అమ్మాయి భోజనానికి వెళ్లింది. అప్పుడు వచ్చాడు ఒక పెద్దమనిషి. చర్చిలో సంఘ పెద్ద, ఒకరి గడ్డిపోచ కూడా ముట్టడని ఊళ్లో పేరు. ఆయన టీవీ చూసి రెండు చేతులూ జోడించాడు.

"సార్, నాకు పాపం చుట్టబెట్టబాకండి. ఆ బావి మా పక్క చేని అవ్వది. ఆమే, ఆమె మొగుడూ కలిసి తవ్వుకున్న బావి. మీరు నా చేన్లో చూపిస్తా ఉండారు. గట్టుకు అవతల పక్క పెట్టండి."

పొద్దున్నుంచి వచ్చినవాళ్లంతా నాకు తక్కువైంది, నాకు పోయింది అన్నవాళ్లే. నాకొచ్చింది తీసెయ్యండి అన్నది ఈయనొక్కడే. తనకు నష్టమయ్యే మాట చెప్పే మనిషి తప్పెందుకు చెబుతాడు? నా మనసు కరిగిపోయింది. నిజానికి ఇలాంటి మాట వస్తే రాసుకుని, చేనికి పోయి చూసి, ఆ తర్వాతే మార్చాలి. నేను మౌసు పట్టుకుని, ఆ అమ్మాయి నేర్పినట్టే బావి గుర్తును లాగి గట్టుకు అవతల పెట్టేశాను. లాగడం కొత్తగా వచ్చిన విద్య కదా, సంబరం. ఏ చేని నంబరు ఏదో చూడనే లేదు.

కాసేపటికి ఆ అవ్వే వచ్చింది. మేకల్ని ఎవరికో అప్పజెప్పి వచ్చిందట, నిలబడనైనా నిలబడలేదు. ఆమెకున్నది ఆ ఒక్క చేనే. ఆ మెట్ట నేలల్లో ఆ బావి నీళ్లతోనే నాలుగు మళ్లు మిరప, వంగ పెట్టుకుని బతుకుతోంది. టీవీ వంక చూసింది.

"ఇదేనా నా చేను? గట్టు ఇదేనా? ఆఁ, బావి నా చేన్లోనే ఉండాది. సరే నాయనా. వేలెక్కడ పెట్టాల?"

ఆ రోజంతటికీ సరే అన్న మొదటి మనిషి. లేచి దండం పెట్టాలనిపించింది. వేలిముద్ర పడింది, రికార్డు మూసుకుపోయింది, అవ్వ వెళ్లిపోయింది. భోజనం చేసి వచ్చిన ఆపరేటరు అమ్మాయితో, "చూశావా, చదువులేకపోయినా ఆ అవ్వకు పటం అర్థమైంది" అని మెచ్చుకున్నాను కూడా.

మూడు గంటలప్పుడు ఒక గొర్రెలాయన వంతు వచ్చింది. ఆయన టీవీ వంక చూడలేదు. దానికి వీపు పెట్టి గుమ్మం వైపు తిరిగి నిలబడ్డాడు. చేతికర్రను కుడిపక్కకు చాపాడు.

"సూర్యుడు ఈ పక్కన గదా సారూ పుట్టేది?"

"అవును."

గిర్రున వెనక్కి తిరిగి, టీవీకి కుడిపక్కన కర్ర ఆనించాడు. "మరి నువ్వు ఈడ పుట్టించినావేంది?"

గదిలో అందరూ నవ్వారు. నాకు మాత్రం మా పెద్దాయన వచ్చి టీవీని లాక్కుని సంచిలో పెట్టుకున్నట్టయింది. నేను ఉత్తరానికి తిరిగి కూర్చున్నాను. నా మానిటరులో కుడిపక్క తూర్పు, నా కుడిచేతి పక్కా తూర్పే. జనం దక్షిణానికి తిరిగి కూర్చున్నారు. టీవీలోనూ కుడిపక్క తూర్పే, కానీ వాళ్ల కుడిచేతి పక్కన ఉన్నది పడమర. చేలల్లో పుట్టి పెరిగినవాళ్లకు దిక్కు ఒంట్లోనే ఉంటుంది, గోడమీద బొమ్మ చెప్పిందని మార్చుకోరు. ముప్పై ఏళ్లు రాళ్లు పెట్టి పటం తిప్పినవాణ్ని, పటం నేల మీదినుంచి గోడ మీదికి ఎక్కగానే ఆ సంగతే మరిచిపోయాను. ఉన్నది ఒకటే బొమ్మ, నాకు ఒప్పు, ఊరందరికీ తప్పు.

టీవీని ఉత్తరపు గోడకు మారుద్దామంటే అక్కడ గుమ్మం ఉంది, తీగ అంత దూరం రాదు. ఆపరేటరు అమ్మాయి, "టీవీని కదిలించొద్దు సార్, బొమ్మను తిప్పుదాం" అంది.

"మానిటరులో కూడా తిరిగిపోతుంది కదమ్మా?"

"ఇప్పుడు రెండింటికీ ఒకటే బొమ్మ పోతా ఉండాది సార్. విడదీస్తే దేని దారి దానిదే."

విడదీసింది. మానిటరులో ఒక పటం, టీవీలో ఇంకో పటం తెరిచింది. నేను మౌసు కదిపితే బాణం మానిటరు అంచు దాటి ఎటో పోయింది. మౌసు ఎత్తి కింద కూడా చూశాను. "నీ నెత్తిమీద ఉండాది సారూ" అని జనం అరిచారు. బాణం టీవీలోకి ఎక్కి తిరుగుతోంది. ఆ అమ్మాయి దాన్ని పట్టి తెచ్చి, ఏవో రెండు నొక్కులు నొక్కింది. టీవీలో ఊరు తలకిందులైంది. అక్షరాలు, అంకెలు శీర్షాసనం వేశాయి. జనం మాత్రం ఒక్కసారిగా, "ఆఁ! ఇదిగో మా వాగు! ఇదిగో చెరువు!" అన్నారు.

ఆ తర్వాత గంటన్నరలో పొద్దున్నుంచి తగాదాపడిన వాళ్లంతా వరసగా వచ్చి వేలిముద్రలు వేశారు. అన్న చేను అన్నకు, తమ్ముడిది తమ్ముడికి వచ్చేశాయి. మధ్యలో తహసీల్దారు గారు తనిఖీకి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయారు. "ఏమయ్యా, టీవీ తలకిందులుగా పెట్టుకున్నారేంటి?" అన్నారు. నేను నోరు తెరిచేలోపే గొర్రెలాయన లేచి, "ఇప్పుడే దారికొచ్చింది మేడం, దాన్ని ముట్టుకోబాకండి" అన్నాడు. ఆవిడ తల పక్కకు వంచి కాసేపు టీవీ చూసి, కాఫీ తాగి వెళ్లిపోయారు.

ఇక సర్దుకుంటున్నాం. బయట అరుగు మీద కబుర్లు చెబుతున్న సంఘ పెద్ద ఒకసారి చూసిపోదామని లోపలికి వచ్చాడు. టీవీ చూసి ముఖం మాడ్చుకున్నాడు.

"ఏంది సార్ ఇది? మధ్యాన్నం చెప్పి మార్పించినానే. బావి మళ్లీ నా చేన్లోకే వచ్చిందే!"

 మళ్లీ రావడం కాదు, ఆయన చేన్లోకి అది మొదటిసారి వచ్చింది. డ్రోను గీసిన పటంలో బావి అవ్వ చేన్లోనే ఉండింది. ఆయన తిరగబడిన దిక్కుల్లో చూసి తన చేన్లో ఉందనుకున్నాడు. అవతలికి పెట్టమన్నాడు. నేను తీసుకెళ్లి ఆయన చేన్లో పెట్టాను. తర్వాత అవ్వ కూడా ఆ తిరగబడిన దిక్కుల్లోనే చూసి, తన చేన్లోనే ఉందని సంతోషంగా వేలు పెట్టింది. ఊరందరూ తప్పన్నవన్నీ ఒప్పులే. ఆమె సరే అన్నది ఒక్కటే తప్పు. దాన్ని చేసింది నేను.

ఆత్మకూరుకు ఫోను చేశాను. దస్త్రం మర్నాడు సాయంత్రం ఐదింటికి పైకి పోతుందన్నారు మా అధికారి. ఆలోపు తప్పు ఎలా జరిగిందో నేను రాసివ్వాలి, దాని మీద ఆ అవ్వ వేలిముద్ర ఉండాలి. దస్త్రం పోయిందంటే కాగితాల్లో బావి సంఘ పెద్దది. ఆయన మంచివాడే. కానీ ఆయన తర్వాత ఆ చేను ఎవరి చేతికి పోతుందో, అప్పుడు అవ్వ ఏ ఆఫీసు చుట్టూ తిరుగుతుందో ఎవరు చెప్పగలరు? ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

తెల్లవారి నేను, ఆపరేటరు అమ్మాయి, సంఘ పెద్ద ముగ్గురం అవ్వ చేనికి పోయాం. మిరప మళ్లకు నీళ్లు కడుతోంది. సంగతి చెప్పి సిరా డబ్బా తీశాను.

"నిన్న సరే అన్నాను గదా. మళ్లా వేలెందుకు?"

"తప్పు జరిగింది అవ్వా. నీ బావి ఈయన చేన్లో పడింది."

"నేను కళ్లారా చూసినాను, నా చేన్లోనే ఉండాది. ఇద్దరూ కలిసి పొద్దున్నే వచ్చినారంటేనే ఏదో ఉండాది. నా బావి మీద కన్నేసినారా?"

సంఘ పెద్ద గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "దేవుని సాక్షిగా బావి నీదే అవ్వా. అది చెప్పేదానికే వచ్చినాను."

"నాదైతే నువ్వెందుకొచ్చినావు?"

 ఎంత చెబితే అంత అనుమానం పెరిగింది. టైము తొమ్మిది దాటింది, ఆత్మకూరు బస్సు తప్పిపోతుందేమోనని నాకు చెమటలు. నేను చెప్పడం ఆపేశాను. అచ్చు వేయించి తెచ్చిన పటాన్ని గట్టు మీద పరిచాను. ఉత్తరానికి తిప్పాను. నాలుగు రాళ్లు ఏరుకొచ్చి నాలుగు మూలలా పెట్టి, నోరు మూసుకుని పక్కన కూర్చున్నాను.

అవ్వ పార పక్కన పెట్టి వచ్చి గొంతుకూర్చుంది. పటం చూసింది, తలెత్తి కొండ చూసింది, మళ్లీ పటం చూసింది. వాగు మీద వేలు పెట్టి, అక్కడినుంచి బాట మీదికి వచ్చి, గట్టు దగ్గర ఆగింది.

"ఇది గట్టు. ఇటు నాది, అటు వాళ్లది. ఈ గుండ్రం ఏంది?"

"బావి."

ఆమె కళ్లు నిజం బావి మీదికి పోయి, పటం మీదికి వచ్చాయి. "ఓరి నీ చెయ్యి పడిపోను! మేమిద్దరం ఈడ తవ్వితే నువ్వు ఆడ తవ్వినావా!"

తర్వాత ఆమె నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. నా కోడళ్లు కూడా ఇది చదువుతారు. ఆ తిట్లు వింటుంటే నాకు ఒళ్లంతా తేలికైంది, ఎందుకంటే ఆమెకు అర్థమైంది. తిడుతూనే వేలు పెట్టింది, పెట్టి ఆ సిరా నా తెల్ల చొక్కా చేతికి తుడిచింది.

ఆ చొక్కాతోనే ఆత్మకూరు బస్సెక్కాను. ఐదు కావడానికి ఇంకా చాలా సమయం ఉండగానే మా అధికారి ముందు కాగితం పెట్టాను. తప్పు జరగడానికి కారణం అన్నచోట నేను రాసింది ఆయన పైకే చదివారు: "టీవీ దక్షిణపు గోడకు తగిలించడం వల్ల, మరియు నేను చేనికి పోకుండా మార్చడం వల్ల." ఆయన నా ముఖం చూశారు, నా చొక్కా చూశారు, కుర్చీలో వెనక్కి వాలి పడీ పడీ నవ్వారు. నవ్వుతూనే రికార్డు తెరిచారు. బావి గట్టు దాటి ఇంటికి వచ్చేసింది. రిటైరయ్యేదాకా ఆ ఆఫీసులో నా పేరు దక్షిణపు గోడ సర్వేయరు. టీవీ కూడా శనివారానికి చర్చికి చేరింది గానీ, బొమ్మ తిప్పింది మా కంప్యూటరే అని తెలియక పాస్టరు గారు ఆదివారం పాటలు తలకిందులుగా వస్తాయేమోనని మాకు మూడుసార్లు ఫోను చేశారు.

పిల్లలూ, మీ దగ్గర ఇప్పుడు అన్ని పరికరాలూ ఉన్నాయి. ఎన్ని తెరలైనా తగిలించుకోండి. మీ తెరలో ఒప్పుగా కనిపించింది ఎదుటివాడికి తప్పుగా కనిపిస్తుంటే, వాడికి చదవడం రాదని అనుకునే ముందు లేచి వాడి పక్కన ఒకసారి కూర్చుని చూడండి. నేను ఆ రోజు పదడుగులు నడిచి జనంలో కూర్చుని ఉంటే సరిపోయేది.

వారం తర్వాత దిద్దిన నకలు ఇవ్వడానికి నేను, ఆపరేటరు అమ్మాయి అవ్వ దగ్గరికి పోయాం. ఆమె ముందే నాలుగు రాళ్లు ఏరి పెట్టుకుని ఉంది. పటం తనే పరిచి, తనే తిప్పి, రాళ్లు పెట్టింది. బావి మీద వేలు పెట్టి చూసుకుని, కాగితం మడిచి రొంటిన దోపుకుంది. మాకు చెరొక దోసెడు వంకాయలు ఇచ్చింది. మేము లేచి బయల్దేరుతుంటే వెనకనుంచి పిలిచింది.

"ఒక మాట అడుగుతా, ఏమనుకోబాకు సారూ. ఆ పొద్దు ఊరు ఊరంతా తప్పు తప్పని అరస్తా ఉంటే, నేనొక్కదాన్నే సరే అంటిని గదా. అప్పుడన్నా నీకు అనుమానం రావద్దా?"